తెల్లబడిన కళ్ళు

లోవరాజు కళ్ళు మాఘమాసంలో ఎర్రబడేవి. జ్యేష్ఠం వెళ్ళి నాలుగు వానలు పడితేగాని తెల్లబడేవి కావు. ప్రతి ఏడూ ఇదే వరస.

ఊళ్ళోవాళ్ళు దీనికి ఎప్పుడో లెక్క తేల్చేశారు. తాడిచెట్టుకి కల్లు దిగేదీ ఆ నెలల్లోనే. వానలు పడితే కల్లు తగ్గుతుంది, లోవరాజు కళ్ళ ఎరుపూ తగ్గుతుంది. ఇంక అడగడానికేముంది? మద్యనిషేధం వచ్చి ఏళ్ళయినా లంకల్లో తాళ్ళకి కల్లులొట్టి కట్టేవాళ్ళు కడుతూనే ఉన్నారు, చీకటి పడ్డాక వెళ్ళి తాగేవాళ్ళు తాగుతూనే ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎవరూ ఎత్తరు. వాళ్ళ కళ్ళు తెల్లగా ఉంటాయి మరి. చుక్క ముట్టని లోవరాజు మాత్రం ఊరందరికీ తాగుబోతు.

కొబ్బరిచెట్టెక్కి కాయ దింపడం అతని పని. దాన్ని దింపు అంటారు. నగరం అనే ఊరికి కోసు దూరంలో ఉన్న ఆ పేటలో అతని అంత చకచకా చెట్టెక్కేవాడు లేడు. కాళ్ళకి తాడు బందం వేసుకుని, మొలలో కత్తి దోపుకుని, మాట ముగిసేలోగా చెట్టు తలన మట్టల మధ్య మొవ్వులో ఉండేవాడు. అక్కడ తల పెట్టగానే మొదలయ్యేది దురద. రెప్పల కింద ఇసక పోసి తిప్పుతున్నట్టుండేది. నీళ్ళు ధారగా కారేవి. ఒక చెయ్యి మట్టని పట్టుకుంటుంది, రెండో చెయ్యి కత్తిని పట్టుకుంటుంది. రుద్దుకోడానికి చెయ్యి ఖాళీ ఉండదు. భుజానికేసి రుద్దుకునేవాడు. గెల కోసి దిగేసరికి కళ్ళు రెండూ నిప్పుకణికల్లా ఉండేవి.

ఊరు ఏమన్నా లోవరాజు పట్టించుకోలేదు. దానికి కారణం పాపాయమ్మ.

పాపాయమ్మ తండ్రి కల్లు తాగి కాలవలో పడి, మోకాలిలోతు నీళ్ళలో చచ్చిపోయాడు. అప్పటికి ఆమెకి పదేళ్ళు. పెళ్ళిమాటలు జరుగుతున్నప్పుడు, ఆడపిల్ల నోరెత్తకూడని చోట, ఆమె తలుపు వెనకనించి బయటికి వచ్చి లోవరాజు ముందు నిలబడింది. వరసకి మేనమావ అతను.

"మావా, నా నెత్తిమీద చెయ్యెయ్యి. ముట్టనని చెప్పు."

పెద్దవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. లోవరాజు చెయ్యి వేశాడు. "ముట్టను. ముడితే నువ్వూ, నీ కడుపున పుట్టినవాళ్ళూ నాకు దక్కకుండా పోవాలి" అన్నాడు. అంత పెద్ద ఒట్టు ఎవరూ అడగలేదు. కుర్రతనంలో నోటికొచ్చింది, అనేశాడు. అన్నవాడు నిలబెట్టుకున్నాడు కూడా. కల్లు గీసేవాళ్ళు చెట్టుకింద కూర్చోబెట్టి ముంత చేతికిచ్చినా, వాసన పడదని లేచి వచ్చేసేవాడు.

కాలవరేవులో ఆడవాళ్ళు ఎత్తిపొడిచినప్పుడల్లా పాపాయమ్మ ఒకటే జవాబు చెప్పేది.

"మా మావ ముట్టడు. ఆ కళ్ళు అంతే."

గట్టిగా అరిచేది కాదు. బట్ట పిండుతూ పిండుతూ అనేది. ఆ మాట ఎవరో ఒకరు వచ్చి లోవరాజుకి చెప్పేవారు, వెక్కిరింతగా. అతనికి మాత్రం అది కడుపు నిండా అన్నం తిన్నట్టుండేది.

మాట ఒక్కటే కాదు. ఆ కళ్ళకి ఆమె చెయ్యని వైద్యం లేదు. పొన్నగంటి కూర వండింది. మాడుకి ఆముదం పెట్టింది. బాలింతల ఇళ్ళకి వెళ్ళి చనుబాలు అడిగి, ఆకుదొన్నెలో పట్టుకొచ్చి కళ్ళల్లో వేసింది. సాయంకాలం వాకిట్లో మంచమ్మీద అతను వెల్లకిలా పడుకుంటే, నీళ్ళల్లో నానేసిన నందివర్ధనం పూలు తెచ్చి మూసిన రెప్పలమీద ఒక్కొక్కటే పెట్టేది. ఆ చల్లదనం కింద లోవరాజు అనుకునేవాడు: ఊరంతా ఒకవైపుంటే ఏం, ఇది నమ్ముతోంది.

పెళ్ళయిన మూడో ఏట వాళ్ళకి పుట్టిన ఆడపిల్ల వైశాఖంలో జ్వరం తగిలి పోయింది. గొయ్యి దగ్గర లోవరాజు కళ్ళు చూసి ఎవరో "ఇయ్యాల కూడానా" అన్నారు. పాపాయమ్మ విన్నది. ఆ రోజు మాత్రం, మా మావ ముట్టడన్న మాట అనలేదు.

అదయిన రెండేళ్ళకి, మాఘంలోనే, అచ్యుతరామయ్య గారి తోటలో గొడవ వచ్చింది. లోవరాజుకి ఏడాది పొడుగునా పని పెట్టే పెద్దతోట అది. ఆరోజు ఆయన మడతకుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పక్కన తలయారి బుల్లిరాజు ఉన్నాడు. లోవరాజు చెట్టు దిగి, భుజమ్మీద కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏరా, పొద్దున్నే వేసేవా?" అన్నారు అచ్యుతరామయ్య గారు.

"లేదండి బాబూ. చెట్టు దుమ్మండి."

"అందరూ ఎక్కుతున్నారు చెట్లు. నీ ఒక్కడికే దుమ్మా?"

బుల్లిరాజు ముందుకొచ్చాడు. "ఊదరా. నా మొహమ్మీద ఊదు."

లోవరాజు ఊదాడు.

"వాసన లేదండయ్యగారూ."

"లేదా?"

"ఆయ్, లేదండి. ఏలక్కాయ నమిలేడండి. ఆరితేరిపోయినోళ్ళు ఇలాగే చేస్తారండి."

"ఏలక్కాయ వాసనైనా రావాలి కదరా బుల్లిరాజూ?" అన్నాడు లోవరాజు.

"చూసేరాండి? అది కూడా రాకుండా నమిలేడు" అన్నాడు బుల్లిరాజు.

చుట్టూ ఉన్న కూలీలు నవ్వారు. అచ్యుతరామయ్య గారు నవ్వలేదు. "నువ్వు తాగుతావో మానుతావో నాకనవసరం. రేపు నా చెట్టుమీంచి పడి చస్తే నాకు చుట్టుకుంటుంది. ఆ కళ్ళు బాగయ్యేదాకా ఈ తోటలోకి రాకు" అన్నారు.

లోవరాజు ఇంటికొచ్చి చెప్పాడు. పాపాయమ్మ విని, చేటలో బియ్యం ఏరడం ఆపి, "అమలాపురంలో కళ్ళ డాక్టరు గారున్నారంట, ఎల్లిరా మావా" అంది. అలా ఎందుకందో అప్పుడు అతనికి తోచలేదు. తన కళ్ళకోసమే అందనుకున్నాడు.

బోడసకుర్రు రేవులో పడవెక్కి గోదారి పాయ దాటి, అక్కడినించి నడిచి, లోవరాజు అమలాపురం చేరాడు. డాక్టరు మాణిక్యాలరావు గారు చెన్నపట్నంలో చదివి వచ్చినాయన. బల్లమీద కూర్చోబెట్టి, పైరెప్ప తిరగేసి, భూతద్దం పెట్టి చూశారు.

"ఏ నెలల్లో వస్తుంది?"

"మాఘం నించి వానలదాకా అండి."

"ఏం పని చేస్తావు?"

"దింపండి. మొవ్వులో తల పెట్టగానే మొదలండి. ఇంటిదగ్గరుంటే రెండు రోజుల్లో తగ్గుద్దండి."

డాక్టరు గారు రెప్ప వదిలేశారు. "కొబ్బరిపూత విచ్చుకున్నప్పుడు పిండిలా రాలుతుంది చూడు. ఎండలప్పుడు అది మరీ ఎగురుతుంది, వానల్లో తడిసి అణిగిపోతుంది. ఆ పొడి నీ కంటికి పడదు. దీన్ని ఎలర్జీ అంటారు. అంటుకునే కళ్ళకలక కాదిది."

"పడకపోడం ఏంటండీ? నేను పుట్టిందే కొబ్బరిచెట్టు కిందండి."

"కొందరికి వంకాయ పడదు. వంకాయ తప్పా, వాళ్ళ తప్పా? ఒంటితత్వం అంతే."

లోవరాజు గొంతు తగ్గించి, "తాగుడువల్ల కాదు కదండీ?" అన్నాడు.

"తాగుతావా?"

"లేదండి."

"అయితే కాదు" అన్నారు డాక్టరు గారు. అంత తేలిగ్గా అనేశారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక మగవాడి నోట వినడం అదే మొదలు.

గోధుమరంగు సీసా తెప్పించి, రబ్బరు బుడ్డి ఉన్న గాజుగొట్టంతో చుక్క తీశారు. కంటిలో పడబోతుండగా లోవరాజు తల పక్కకి తిప్పేశాడు. "ఇందులో సారా ఏమైనా ఉంటదాండీ? ఇంగ్లీషు మందుల్లో కలుపుతారంటారు. నాకు ఒట్టుందండి."

డాక్టరు గారు నవ్వి, లేదని చెప్పారు. చుక్క పడింది. ముందు చురుక్కుమంది. తరవాత, మాఘమాసంలో అతనెన్నడూ ఎరగని నిమ్మళం. రెప్ప ఆర్పితే రెప్పే ఆడింది, ఇసక ఆడలేదు. చేతికి అద్దమిచ్చి చూసుకోమన్నారు. చూసుకునేసరికి ఎరుపు విరిగిపోతోంది.

"ఇది కొత్తగా వచ్చిన మందు. వేసుకున్నన్నాళ్ళే పనిచేస్తుంది, జబ్బుని పోగొట్టదు. పూటకొక చుక్క. రుద్దుకోకు, రుద్దితే ముదురుతుంది. చెట్టు దిగగానే మంచినీళ్ళతో కడుక్కో. మూత తీసిన సీసా నెల దాటితే పారెయ్యి. మళ్ళీ కావాలంటే మందులషాపులో ముందుగా చెప్పి ఉంచు, ఇది చెన్నపట్నం నించి రావాలి."

"ఆయ్" అన్నాడు లోవరాజు. తిరుగురేవులో పడవ అంచున కూర్చుని మొలలో సీసా తడుముకుంటూ వచ్చాడు. డాక్టరు గారి మాట పాపాయమ్మ వింటే బాగుండుననిపించింది. వెంటనే, దానికీ మాట అక్కర్లేదులే, ఊరికి కదా కావాలి అనుకున్నాడు.

ఇంటికెళ్ళి అన్నీ చెప్పాడు. కొబ్బరిపూత, వంకాయ, ఎలర్జీ, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. మాటకారి కాడు, అయినా చెప్పాడు. పాపాయమ్మ సీసాని దీపం దగ్గర పెట్టి చూసింది. తీసుకెళ్ళి మంచినీళ్ళ కుండ కింద తడి ఇసకలో గుచ్చింది, చల్లగా ఉంటుందని.

నాలుగు రోజుల్లో లోవరాజు కళ్ళు పాలలా అయ్యాయి. ఫాల్గుణంలో, నిండు కల్లురోజుల్లో, అతని కళ్ళు తెల్లగా ఉండడం పేటలో ఎవరూ ఎరగరు.

అందరూ ఒకటే మాట అన్నారు: "లోవరాజు మానేసేడు."

అతను సీసా చూపించాడు. వాళ్ళు సీసాకేసి చూసి తలలాడించి, భుజం తట్టారు. అచ్యుతరామయ్య గారు కబురుపెట్టి పిలిపించి, "తోటకి రావొద్దన్నాను చూడు, అదీ మందంటే. సీసాలో మందు కాదురా" అని పదిమందిలో మెచ్చుకుని, తోట మళ్ళీ అప్పగించారు. బుల్లిరాజు ఎదురుపడి, "ఎలా మానేవో చెప్పు గురూ, మా బావమరిదికి చెప్తాను" అన్నాడు, నిజంగానే.

లోవరాజుకి ఒళ్ళు మండింది. ఎర్రగా ఉన్నప్పుడు తాగుబోతన్నారు, సరే. తెల్లబడితే ఇన్నాళ్ళూ తాగేవన్నారు. అప్పుడైతే కాదనడానికి నోరుండేది. ఇప్పుడు అతని కళ్ళే వాళ్ళవైపు సాక్ష్యం చెబుతున్నాయి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, పెళ్ళాంతో నవ్వబోయాడు. "విన్నావా? మానేసేనంట. ఎప్పుడు మొదలెట్టేనో మాత్రం ఎవడూ చెప్పడు."

పాపాయమ్మ నవ్వలేదు. చెంబు అందుకుని పక్కన పెట్టింది. అతని మొహంలోకి, తిన్నగా కళ్ళల్లోకి చూసింది. ఆమె మొహం వెలిగిపోతోంది. అంత వెలుగు అతను పెళ్ళినాడు చూశాడు, మళ్ళీ చూడలేదు.

"మావా, నాకు నెల తప్పింది. రెండో నెల. కళ్ళు ఇలాగే తెల్లగా నిలబడతాయో లేదో చూసి చెబుదావని ఆగేను."

లోవరాజు తడిచేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"ఈసారి నిలుస్తాది మావా. ఐనవిల్లి వినాయకుడికి మొక్కుకున్నాను. నువ్వు మానేస్తే, నీ చేత్తో కోసిన కాయలే బుట్టెడు తెచ్చి, నీ చేత కొట్టిస్తానని. పిల్ల పోయిన మర్నాడు మొక్కేను."

"ఏం మానేస్తే?"

ఆమె తల వంచుకుంది. "పోనీలే. ఇప్పుడెందుకు ఆ మాటలు."

"ఏం మానేస్తే పాపా?"

"నేనేవన్నా అడిగేనా ఎప్పుడైనా? పిల్ల పోయినప్పుడు కూడా నిన్నొక్క మాటన్లేదు. కడుపున పుట్టినోళ్ళు దక్కరని ఒట్టెట్టుకున్నది నువ్వే. అయినా అన్లేదు. మగోడివి, ఎండనపడి చెట్లెక్కేవోడివి, నీకెంత కష్టవైతే ఒట్టు తప్పేవో అనుకున్నాను."

లోవరాజు కాలిమీద నీళ్ళు ఆరిపోయాయి.

"మరి రేవులో... ముట్టడని నువ్వే అనేదానివి కదే?"

"అనకపోతే? నా మొగుణ్ణి నేనే పదిమందిలో తీసిపారేసుకుంటానా?"

"పూలు పెట్టేదానివి. పాలు తెచ్చేదానివి."

"తాగినోడి కళ్ళు మాత్రం మండవా మావా?" ఆ మాట ఆమె జాలిగా అంది. అందుకే అది మరీ లోతుగా దిగింది.

"డాక్టరు గారు చెప్పేరే. కొబ్బరిపూత. నువ్వు రా, నీకూ చెప్తారు. సీసా చూసేవు కదా!"

"చూసేను. ఆ సీసావల్లే పోయిందని నువ్వంటే నేనూ అలాగే అంటాను. మానేనని చెప్పుకోడం మగోడికి చిన్నతనవే కదా. అందుకే డాక్టరు దగ్గరికెల్లమన్నాను. ఏదో ఒక వంక దొరుకుద్దని." ఆమె అతని చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది. "ఎలాగైతేనేం, మానేవు. నాకది చాలు."

అప్పుడు అరవొచ్చు. సీసా నేలకేసి కొట్టొచ్చు. ఆ వెలుగుతున్న మొహం చూస్తూ లోవరాజు ఏమీ చెయ్యలేకపోయాడు. మొక్కు తీర్చనంటే ఈమె ఇంక నెలలు నిండేదాకా నిద్రపోదు. పిల్లని తనే చంపుకున్నాడని ఈ రెండేళ్ళూ అనుకుంటూ, పక్కనే పడుకుని, తెల్లారి లేచి అతనికి గంజి పోసింది. అది తలుచుకుంటే ఊళ్ళోవాళ్ళు చాలా మంచివాళ్ళనిపించారు. వాళ్ళు మొహమ్మీదే అన్నారు.

చైత్రంలో కళ్ళల్లో చుక్క వేసుకుని చెట్టెక్కి, మంచి కాయలు చూసి కోశాడు. రేవు దాటి, అమలాపురం మీదుగా ఐనవిల్లి వెళ్ళారు. దారిలో పాపాయమ్మ బుట్ట మొయ్యనివ్వమంది, అతను ఇవ్వలేదు. గుళ్ళో అర్చకులు బాలగంగాధరం గారు బుట్ట చూసి, "ఏం మొక్కమ్మా?" అన్నారు.

"మావ చెప్తాడండి. ఆడి నోటితోనే చెప్పాలండి."

లోవరాజు దేవుడికేసి చూశాడు. ఆయనకి తెలుసు కదా అనుకున్నాడు. "తాగుడు మానేనండి" అన్నాడు.

"శుభం. ఎన్నాళ్ళయింది మాని?"

"మొదట్నించీ అండి."

అర్చకులు గారు చమత్కారమనుకుని పెద్దగా నవ్వారు. పాపాయమ్మా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. లోవరాజు కాయ తీసి కొట్టాడు. ఆ తరవాత ఇంకొకటి. బుట్ట ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

వైశాఖంలో సీసా అడుగంటింది. అప్పటికే డాక్టరు గారు చెప్పిన గడువు దాటిపోయినా, ఒక్కొక్క చుక్కే దాచి దాచి వాడాడు. మందులషాపుకి మూడుసార్లు కబురు పంపాడు. చెన్నపట్నం నించి సరుకు రాలేదన్నారు. మంచినీళ్ళతో కడిగాడు, మొహానికి తడిగుడ్డ చుట్టుకుని ఎక్కాడు. దింపు మానేస్తే తిండిలేదు. మూడోనాటికి కళ్ళు నిప్పులయ్యాయి.

ఇంటికొచ్చేసరికి పాపాయమ్మ గుమ్మంలో ఉంది. చూసింది. ఆమె చెయ్యి చటుక్కున కడుపు మీదికి పోయింది.

"మందు అయిపోయింది పాపా. చెట్టు దుమ్మే."

"సరే మావా" అంది.

అంతే. గిన్నె తీసుకుని పెరట్లోకి నందివర్ధనం పూలకోసం వెళ్ళింది. మంచమ్మీద పడుకున్న అతని రెప్పలమీద ఎప్పట్లాగే ఒక్కొక్కటే పెట్టింది. రెండో చెయ్యి కడుపు మీదే ఉంది.

మర్నాడు లోవరాజు రేవుపక్క చెట్టుమీద ఉన్నాడు. మొవ్వులో పూత విచ్చుకుని ఉంది. కింద ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. వీరాయమ్మ గొంతు పైకి వినబడింది. ఇల్లు పక్కనే ఆమెది, నోరు పెద్దది.

"ఏమే పాపాయమ్మా, మొక్కు తీర్చి నెల తిరగలేదు, మళ్ళీ మొదలెట్టేడా మీ ఆయన? కడుపుతో ఉన్నావు, కాస్త బెదిరించవే."

బట్ట బండమీద రెండు దెబ్బలు పడింది. తరవాత పాపాయమ్మ గొంతు వచ్చింది. గట్టిగా కాదు, ఎప్పట్లాగే.

"మా మావ ముట్టడు. ఆ కళ్ళు అంతే."

ఎక్కడా తొణకలేదు ఆ గొంతు. అంత బాగా అబద్ధమాడడం ఆమె అతనికోసమే నేర్చుకుంది. ఇన్నేళ్ళూ ఆ మాట పట్టుకునే అతను చెట్లెక్కాడు, దిగాడు.

లోవరాజు గెల మెడమీద కత్తి పెట్టి, "తప్పుకోండమ్మా" అని కింద వాళ్ళకి కేకేశాడు. ఆడవాళ్ళు జరిగారు. పాపాయమ్మ తలెత్తి చూసింది. అంత ఎత్తునించి ఆమె మొహం అతని కంటికి ఆనలేదు. కళ్ళనిండా నీళ్ళు. రుద్దుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.